మెత్తటి క్లచ్

మంగళవారం, రాత్రి

అమ్మ మామిడికాయలు కోసే ఆగిరిపల్లి తోట యజమాని స్పోర్ట్స్ కారుకి నేను పనిచేసే మెకానిక్ షెడ్డులో కొత్త స్టీలు క్లచ్ గొట్టం వేశాం. పెడల్ ఇంకా మెత్తగానే ఉంది. గొట్టంలో చేరిన ఎయిర్ తీయడానికి మేస్త్రి కారు కింద పడుకుని, ఎప్పటిలాగే నన్ను పెడల్ తొక్కమన్నాడు. తొక్కి పట్టుకున్నా నెమ్మదిగా దిగిపోతోంది.

"ఎయిర్ కాదండీ, మాస్టర్ సిలిండర్‌లో సీలు పోయింది, ఆయిల్ ప్రెషర్ నిలవట్లేదు," అన్నాను.

"చదువుకున్న కాలు కదమ్మా, బలం చాల్లేదు," అన్నాడు మేస్త్రి. పక్కనే నిలబడి చూస్తున్న యజమాని పగలబడి నవ్వాడు.

తర్వాత మేస్త్రే ఎక్కి తొక్కాడు. ఆయన కాలి కిందా దిగింది. "సిలిండర్ మార్చాలండి, నాకు ముందే అనుమానం," అన్నాడు యజమానితో.

ఒళ్ళు మండిపోతోంది. మా ఇంట్లో మొదట చదివింది నేను. ఆ డిప్లొమా పెడల్ తొక్కడానికా? రేపు కొత్త సిలిండర్ నేనే బిగిస్తానని అడుగుతాను.

ఈలోగా యజమాని తన తోటలో ఆ కాలు జోకు చెప్తాడు. ఆయన ముందు అమ్మ కూడా నవ్వాల్సి వస్తుంది.