అలోన్‌కీ లోన్లీకీ మధ్య ఒక గేదె

గురజాల

ఆంజనేయులూ,

అక్క దీవెనలు. ఫోనైతే నేను అరుస్తాను, నువ్వు మధ్యలో అడ్డొస్తావు. అందుకే రాస్తున్నాను.

మీ బావ పెద్దకర్మ నాడు, వాకిట్లో వందమంది ఉండగా, "అక్కా, వెళ్ళొస్తా" అన్నావు. చావింటికి పలకరింపుకు వచ్చినవాడు చెప్పకుండా లేచి వెళ్ళాలిరా. వెళ్ళొస్తానంటే అదే పని మీద మళ్ళీ రావాల్సి వస్తుందని చిన్నపిల్లలకైనా తెలుసు. ఈ ఇంట్లో ఇక మిగిలింది నేనొక్కదాన్నే. ఆ రోజు నుంచి పక్కింటి వాసంతి పొద్దున్నే వచ్చి నా నాడి చూసి పోతోంది.

నాకు తోడు కావాలేమోనని బెంగపడకు. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పినదాన్ని. అలోన్ అంటే పక్కన మనిషి లేకపోవడం. లోన్లీ అంటే లేడని మనసుకు తెలియడం. నేను అలోన్ మాత్రమే. కొన్నాళ్ళు ఇటు రావద్దు.

ఇట్లు,
శేషారత్నం

తా.క. ఈ తేడా నీ పదో తరగతిలో రెండు మార్కుల ప్రశ్న. అప్పుడూ తప్పే రాశావు.

---

పిడుగురాళ్ల

అక్కకు, తల దించుకుని నమస్కారం.

ఇరవయ్యేళ్ళుగా నీ గడప దిగేటప్పుడు అనే మాటే కదా అక్కా. బావ "మంచిదిరా" అనేవాడు. ఆ రోజు ఆయన ఫొటో వంక చూశా, మాట అదే వచ్చేసింది.

తెలియక చేస్తే మిస్టేక్, ఊరంతా చూస్తుండగా చేస్తే ఫాల్ట్ అనుకుంటా. నాది రెండోది. సున్నపు బట్టీలో నాతోపాటు కాటా చూసే పున్నారావు మామకు చెప్పుకుని ఏడ్చా. విరుగుడు ఉందంట. అన్నవాడు ఏదైనా శుభం మీద ఆ గడప మళ్ళీ తొక్కితే, వస్తానన్న మాట అక్కడితో చెల్లిపోతుందంట. మీ ఇంట్లో ఏందన్నా శుభం ఉందా?

నీ తమ్ముడు,
ఆంజనేయులు

తా.క. గేదె ఈనినా చాలంట.

---

గురజాల

ఆంజనేయులూ,

దీవెనలు. ఏడాది తిరగని ఇంట్లో శుభమేందిరా? మా ఇంట్లో గేదె లేదు. ఉన్నవి మీ బావ కళ్ళజోడు, చేతికర్ర, కుండీలో కరివేపాకు మొక్క. అది ఈనదు.

నీ ఉత్తరం ఎర్రసిరాతో దిద్ది దీంతో పంపుతున్నాను. మిస్టేక్ అంటే పొరపాటు. ఫాల్ట్ అంటే ఆ పొరపాటుకు పూచీ ఎవరిదన్నది. ఊరు చూసిందా లేదా అన్నదానితో పని లేదు. పదికి నాలుగు.

శేషారత్నం

తా.క. వాసంతి రావడం మానేసింది. నాకేమీ కాలేదని విసుగొచ్చినట్టుంది. ఈ వారం గేటు చప్పుడే కాలేదు. అలోన్ అని రాశాను, గుర్తుందిగా.

---

పిడుగురాళ్ల

అక్కకు నమస్కారం.

గేదె లేదన్నావు. పంపమనే కదా? రేపు పొద్దున ట్రాలీ ఆటోలో మా చూడిగేదె వస్తుంది. పది రోజుల్లో ఈనుద్ది. నేను రాను, నువ్వు వద్దన్నావు. ఆటో అతను దించేసి పోతాడు. పోయేటప్పుడు వెళ్ళొస్తానని మాత్రం అనొద్దని గట్టిగా చెప్పా.

ఆంజనేయులు

తా.క. దాని పేరు గౌరి. చానా మొండిది. పక్కన ఎవరో ఒకరు మాట్లాడకపోతే మేత ముట్టదు. ఇంగ్లీషైనా పర్లేదు.

---

గురజాల

ఆంజనేయులూ,

అక్క దీవెనలు, గౌరివి కూడా.

నిన్న పొద్దున ఈనింది. పెయ్యదూడ. వీధి వీధంతా పెరట్లోనే ఉంది. అమీనా బీ పచ్చిగడ్డి తెచ్చింది, మరియమ్మ దూడను తుడిచింది. వాసంతి జున్నుపాలకు గిన్నె తెచ్చుకుంది, నా నాడి సంగతే మర్చిపోయింది.

మాట్లాడమన్నావుగా. మొదటి రోజు గౌరికి అలోన్‌కీ లోన్లీకీ తేడా చెప్పాను. మర్నాడు మీ బావ గురించి మొదలుపెట్టాను, ఆపలేకపోయాను. ఆయన పోయాక నేను నోరారా ఏడ్చింది ఆ గేదె ముందే.

నీకు అబద్ధం రాశానురా. నాది రెండో మాటే. ఆ రోజు వందమందీ పద్ధతి ప్రకారం చెప్పకుండా లేచి వెళ్ళారు. నాడి చూసే వాసంతి తప్ప, గౌరి ఈనేదాకా ఒక్కరూ మళ్ళీ రాలేదు. నా గడపలో నిలబడి మళ్ళీ వస్తానన్నవాడివి నువ్వొక్కడివే. నేను రావద్దని రాస్తే, నిజంగానే రాకుండా కూర్చున్నావు. పదో తరగతి నుంచీ అంతే, ప్రశ్న సరిగ్గా చదవవు.

నీ అక్క,
శేషారత్నం

తా.క. జున్ను ఆగదు. అందుకే ఇది పోస్టులో వేయకుండా బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. అందగానే బయల్దేరు. తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం వాకిట్లో నిలబడి, వీధంతా వినపడేట్టు, వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళు.