వరదలో మారిన లుంగీ

గుడియాత్తం,
ఆడి నెల, 8

ప్రియమైన నా బంగారు తల్లి సుజితకు,

నాయన జానకిరామన్ దీవెనలు. మీ సినిమా హీరోకు అడిగిన పన్నెండు లుంగీలు నేసి పంపిస్తా ఉండా. తెలుపు మీద నల్ల గీతల గళ్ళు. ఒకటి తడిసినా, ఒకటి చినిగినా, చూసేవాళ్ళకు ఒకే లుంగీ మాదిరి అగపడాల అన్నావే, అట్లే నేసినా. మీ అమ్మ పోయినాక నూలు కండెలు చుట్టేదీ నేనే కాబట్టి నాలుగు దినాలు ఎక్కువ పట్టింది.

సినిమాలో తప్పులు పట్టేది కూడా ఒక ఉద్యోగమా అని వీధంతా నవ్వతా ఉండారు. నేను మాత్రం గొప్పే అంటా. పోయిన ఏడాది ఒక వరద సినిమా చూసినా. గొంతు దాకా మునిగిన ఆడమనిషి మిద్దె ఎక్కేసరికి తలలో మల్లెపూలు పొడిగా ఉండాయి! అదేం వరదమ్మా? నీళ్ళేమో బావినీళ్ళంత తేట. మన కౌండిన్య ఏరు పొంగితే చిక్కటి టీ రంగు కదా! మీవాళ్ళకు చెప్పు. ఈ సినిమాలో ఒక్క తప్పూ రాకపోతే నిన్ను పర్మనెంటు చేస్తారన్నావే, జాగ్రత్త తల్లీ.

నీ మేలు కోరే,
నాయన

చెన్నై,
ఆడి 20

ప్రియమైన నాయనకు,

లుంగీలు అందినాయి. స్టూడియో గేటు దగ్గరే ఫోన్లు తీసేసుకుంటారు, అందుకే అన్నం తింటా ఇది రాస్తా ఉండా. నీ మాట చెప్తే డైరెక్టర్ నవ్వి, వరద సెట్టు నీళ్ళ తొట్టిలో రెండు లారీల ఎర్రమన్ను కలిపించినాడు. మండే ఎండలో వాన కురుస్తా ఉంటాది నాయనా. మంచం, ఉయ్యాల, బీరువా, అన్నీ మెల్లగా తేలతా పోతాయి. ‘కట్’ అనగానే వాన నిలిచిపోతాది, మంచం మాత్రం ఇంకా కొంచేపు తిరగతా ఉంటాది. నిద్రలో నడస్తా ఉన్నట్టు ఉంటాది నాకు.

సరే, మగ్గం దగ్గర వెలుతురు చాలతా ఉండాదా? ఒకసారి వేలూరు పోయి కళ్ళు చూపించుకోరాదా? ఊరికే అడుగుతా ఉండా.

ప్రేమతో,
నీ సుజిత

గుడియాత్తం,
కార్తిగై 3

ప్రియమైన తల్లీ,

మీ సినిమా ట్రైలర్ వచ్చిందని పక్కింటి లోగనాథన్ ఫోన్ తెచ్చినాడు. హీరో నీళ్ళలో దూకేటప్పుడు అన్నీ నల్ల గీతలే, మిద్దె ఎక్కినాక అడ్డగీతలు నీలం అన్నాడు. “నేతగాడివి, నీకు తెలియలేదా అప్పా?” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. “నీ కళ్ళకే రోగం, పో!” అని తిట్టి పంపించినా.

తర్వాత నలుపు కండె, నీలం కండె వాకిట్లోకి తెచ్చి ఎండలో పట్టి చూసినా. నా కళ్ళకు రెండూ ఒకటే రంగు తల్లీ. నిలువు పోగుల పడుగు నలుపే, అది మేస్త్రి చుట్టి ఇచ్చిందే. అడ్డంగా నేసే పేకలో నేనే నీలం వేసేసినా. చిత్తిరై నెల నుంచి అంతా పొగమంచే. మగ్గం ముందర కూర్చుంటే పడుగంతా ఏరు మాదిరి కదులుతాది. చెప్తే నువ్వు పని విడిచి వచ్చేస్తావని దాచినా. ఇప్పుడు నా వల్లే నీ పని పోతాదా? అన్నం దిగతా లేదు. వెంటనే రాయి.

నీ పాపిష్టి నాయన

చెన్నై,
కార్తిగై 9

ప్రియమైన నాయనకు,

పాపిష్టి గీపిష్టి అని రాస్తే ఊరుకోను. పని పోయింది, నిజమే. తర్వాతి సినిమాకు రావద్దన్నారు. కళ్ళు యాడ పెట్టుకున్నావని డైరెక్టర్ అడిగితే, చూడలేదన్నా. అది అబద్ధం.

పార్సిల్ విప్పిన దినమే చూసినా నాయనా. నాలుగు లుంగీల్లో నీలం. మగ్గం కింద ఆడుకొని పెరిగినదాన్ని, నాకు తెలియదా? వెనక్కి పంపితే నీ చేయి తప్పిందని నీకు చెప్పాల. నలభై ఏండ్లలో ఎవరూ అనని మాట నేనెట్ల రాసేది? ఎర్రనీళ్ళలో ఎవరికి తెలుస్తాదిలే అనుకొన్నా. పని పోయినందుకు ఏడుపు రాలేదు. నాలుగు నెలలు నీ కళ్ళు మసకబారతా ఉంటే గమ్మున ఉన్నానే, దానికి ఏడ్చినా.

గురువారం పొద్దున కాట్పాడిలో రైలు దిగి నేరుగా వేలూరు వస్తా. కంటి ఆస్పత్రికి పోదాం. కంట్లో పొర అయితే తీసేస్తారంట. లోగనాథన్ మామ ఇంటికి పోయి తప్పయిందని చెప్పి, ఆయన్నే తోడు పిలుచుకొని రా. నీకు నిజం చెప్పింది ఆయనొక్కడే. కన్నకూతుర్ని, నేను చెప్పలేదు.

నీ
సుజిత