బా కంటే ముందు

11 జులై 2025, శుక్రవారం

నివేదిత దిగింది. రెండు ట్రాలీలు, ఒక ఫోన్ స్టాండు, గుండ్రంగా వెలిగే లైటొకటి. ఆడబిడ్డ అర్ధమొగుడని మా అమ్మ ఊరికే అనలేదు. వచ్చిన అరగంటకే వంటింట్లో నా స్టవ్వు జరిపించింది. ఫ్రేములోకి సిలిండర్ వస్తోందట.

ఈ నోట్‌బుక్ ఎక్కడ దాచాలన్న భయం నాకు లేదు. ఈ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, ఒక్కరికీ తెలుగు చదవడం రాదు. తరతరాలుగా పుదుచ్చేరిలో అరవబడికి పోయినవాళ్ళు. నేనొక్కదాన్నే పుత్తూరు నుంచి వచ్చాను. టేబుల్ మీద తెరిచిపెట్టినా వీళ్ళకి ఇది జిలేబీల వరస.

నివేదిత చెన్నైలో ఫుడ్ క్యూరేటర్. అంటే ఏం చేస్తుందని ఈయన్ని అడిగాను. తినేవాళ్ళకి తిండి కథ చెబుతుందట. వండేది వేరేవాళ్ళు.

12 జులై, శనివారం

వీడియో పెట్టింది. అత్తమ్మ ముఖం కింద 'సైగాన్‌లో పుట్టిన మదాం అంబుజం' అని ఉంది. నా చేతులు కనిపించిన చోట 'హెల్పర్' అని ఉంది. నాకు ముఖం లేదు.

15 జులై, మంగళవారం

మూడు రోజులుగా ఒళ్ళు మండుతూనే ఉంది. హెల్పర్ ఎవరో ఇక్కడైనా రాసుకుంటాను.

అత్తమ్మ నాయన ఆదిమూలం ఫ్రెంచి సైన్యంలో సిపాయి. వియత్నాంలో, సైగాన్‌లో ఉన్నప్పుడు అక్కడి అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. 1955లో మూడేళ్ళ అత్తమ్మని చంకనేసుకుని ఇద్దరూ ఇక్కడ ఓడ దిగారు. ఆ అమ్మాయే బా. వాళ్ళ భాషలో బా అంటే అవ్వ. ఇంట్లో అందరూ అలాగే పిలిచేవారు. ఆయన తాగి తాగి చనిపోయాక బా చాయోలు, అంటే మాంసం కూరి వేయించిన చుట్టలు, చేసి బుట్టలో పెట్టుకుని వీధి వీధీ తిరిగింది. తర్వాత అత్తమ్మ బండి పెట్టింది. ఆ బండి వెనక ఇరవయ్యొక్క ఏళ్ళుగా నిలబడింది నేను. తేంగాయితిట్టు హార్బర్‌లో చేపల వేలంపాట దగ్గర పీతలు ఏరేది నేను. పంది ఖీమా, పీత, సేమ్యా, నల్ల పుట్టగొడుగు కలిపి, బియ్యప్పొరలో చుట్టి, రెండుసార్లు వేయించేది నేను. నెత్తళ్ళు ఉప్పులో ఊరేసిన జాడీని ఏడాది పాటు మేడ మీద కాపలా కాసేది నేను. ఆ ఊటలో నిమ్మకాయ, చక్కెర, మిరపకాయ కలిపితేనే నూక్ మామ్. అది లేకపోతే చాయో ఉత్త వేపుడు.

అత్తమ్మ కుర్చీలో కూర్చుని పొట్లం కడుతుంది. బండి మీద పేరు 'అంబుజం చాయో'.

బా తిథి శ్రావణ శుద్ధ పంచమి. శ్రావణమాసంలో, అందులోనూ ఈసారి మంగళవారం పూట, పంది మాంసంతో తద్దినం పెట్టే ఇల్లు ఊరంతటికీ మాదొక్కటే. బా సైగాన్ నుంచి తెచ్చుకున్న నీలం అంచు పింగాణి పళ్ళెం ఒకటుంది. అందులో చాయోలు, పక్కన గిన్నెలో నూక్ మామ్, మురుగన్ పటం పక్కనే ఉన్న బా ఫొటో ముందు పెడతారు. ఊదొత్తి వెలిగిస్తారు. అది అడుగుదాకా కాలేవరకు ఎవరూ నోట్లో వేసుకోకూడదు. అంతసేపూ బా తింటూ ఉంటుంది. ఆ పళ్ళెం పెట్టేది ఇంటి వంటకి యజమానురాలు. బా ఉన్నప్పుడు వాళ్ళమ్మకి బా పెట్టింది. బా పోయాక అత్తమ్మ.

మొన్న ఉగాదికి అత్తమ్మ తన మోకాళ్ళు పట్టుకుని, ఈ ఏడు పళ్ళెం నువ్వే పెట్టు మ్మే, ఇంక నా వల్ల కాదు అంది. పళ్ళెం ఇస్తే బండి ఇచ్చినట్టే. నాకు కావాల్సింది అదొక్కటే.

20 జులై, ఆదివారం

నివేదిత ఎందుకు వచ్చిందో ఇవాళ బయటపడింది. వైట్ టౌన్‌లో ఎవరితోనో కలిసి కేఫ్ తెరుస్తోంది. పేరు 'మదాం అంబుజం'. అత్తమ్మ అక్కడ కూర్చోవాలి. పళ్ళెం అక్కడ, అతిథుల ముందు, కూతురి చేతికి ఇవ్వాలి. ఆ వీడియోతో కేఫ్ మొదలు.

నేను ఊరుకోలేదు. పళ్ళెం నాకిస్తానన్నారు అని అత్తమ్మ ముందే అన్నాను. అప్పుడు తీసింది నివేదిత ఫోను. వియత్నాం వాళ్ళ క్యాలెండర్ యాప్. బా పోయింది వాళ్ళ లెక్కలో ఏడో నెల, ఐదో రోజట. ఈ ఏడు వాళ్ళకి ఆరో నెల రెండుసార్లు వచ్చిందట, మన అధికమాసంలాగా. మనకి రాలేదు. అందుకని వాళ్ళ ఐదో రోజు మన పంచమికి కాదు, ఇంకో నెలకి, ఆగస్టు 27న. శ్రావణ పంచమి అన్నది మన పురోహితుడి లెక్క, బా లెక్క కాదు అంది నివేదిత.

నేను పంచాంగం తెచ్చి టేబుల్ మీద కొట్టినట్టే పెట్టాను. ఆగస్టు 27 వినాయక చవితి. విఘ్నేశ్వరుణ్ణి పీట మీద పెట్టుకుని పంది మాంసం వండుతారా అన్నాను. వదినా, అది కేఫ్ కదా, ఇల్లు కాదు కదా అంది తియ్యగా. ఆ తియ్యదనానికి చక్కెర వ్యాధి రావాలి.

అత్తమ్మ మాత్రం ఫోను వైపే చూస్తోంది. కళ్ళలో నీళ్ళు. ఇన్నేండ్లు మా అమ్మ యాడికో ఒక దినం వచ్చి, వాకిట్లో ఏమీ లేక, ఆకలితో పోయిందా ఏంది అంది. కొన్నేళ్ళు రెండూ ఒకటే రోజు పడతాయని నివేదితే ఒప్పుకుంది. అత్తమ్మ చెవికి అది ఎక్కలేదు.

21 జులై, సోమవారం

ఈయన అమ్మ వైపూ లేడు, చెల్లెలి వైపూ లేడు, నా వైపూ లేడు. హార్బర్‌లో ఐస్ వ్యాను నడుపుతాడు. ఇంట్లోనూ అంతే చల్లగా ఉంటాడు.

29 జులై, మంగళవారం. మధ్యాహ్నం మూడు

రాయకపోతే కడుపు పగిలేట్టుంది.

పంచమి ఇవాళే. నేనొక్కదాన్నే చేశాను. తెల్లారి హార్బర్‌కి పోయి పీతలు తెచ్చాను. అరవై చాయోలు చుట్టాను. అత్తమ్మని పిలిచాను. ఈ దినం కాదులే మ్మే అని గది తెర లోపలి నుంచే జవాబు. నివేదిత కేఫ్‌లో రంగులు వేయిస్తోంది. ఈయన వ్యానులో.

పళ్ళెం అత్తమ్మ పెట్టెలో ఉంది, ఇవ్వలేదు. స్టీలు ప్లేటులోనే పెట్టాను. నూక్ మామ్ పెట్టాను. పాలకూరలాంటి ఆ లెట్యూస్ ఆకు, పుదీనా కూడా మరిచిపోలేదు. ఊదొత్తి వెలిగించి నేల మీద కూర్చున్నాను.

పావుగంట అయి ఉంటుంది. గదిలో ఫోను మోగింది. నివేదిత. అత్తమ్మ నవ్వుతోంది. ఎన్ని కుర్చీలు వేస్తున్నారు, పూలు ఎవరు తెస్తున్నారు, ఇదే మాటలు. తర్వాత నా సంగతి అడిగినట్టుంది. ఏమీ లేదు పాపా, చుమ్మా ఊరికే ఆ కోడలు కోపానికి ఏందో చేస్తా ఉంది, చేసుకోనీ అంది.

కోపానికి. ఇరవయ్యొక్క ఏళ్ళు బా పేరు చెప్పి నూనె సెగకి నిలబడ్డది కోపానికి.

బా ప్లేటు ముందుకు లాక్కున్నాను. తిన్నాను. ఊదొత్తి సగం కూడా కాలలేదు. ఒకటి తిని ఆగలేదు, వరసగా తిన్నాను. బా గిన్నెలోనే ముంచుకుని తిన్నాను. ఆమె ఫొటోలో నన్నే చూస్తోంది, చూడనీ అనుకున్నాను. పెళ్ళయిన మూడు నెలలకే పోయిన మనిషి, నాకు ఏం పెట్టింది గనక. తర్వాత బుట్టలోంచి తీసి ప్లేటు మళ్ళీ నింపాను. గిన్నె అంచు తుడిచాను. ఊదొత్తి అయిపోయాక, ఏమీ జరగనట్టు, ఒక చాయో తీసుకుపోయి అత్తమ్మకి ఇచ్చాను. తినింది. గది తెర అప్పటికే ఓరగా తీసి ఉంది.

చాలా బాగున్నాయి. అది కూడా రాయాలి. నేను చేసినవాటిలో ఇవాళ్టివే మంచివి.

30 జులై, బుధవారం

చెంప పగలగొట్టినట్టుంది, ఎవరూ కొట్టలేదు.

12 ఆగస్టు, మంగళవారం

నివేదిత అత్తమ్మని రోజూ కేఫ్‌కి రిహార్సల్‌కని తీసుకుపోతోంది. బండి దగ్గర కుర్చీ ఖాళీ. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, అమ్మ యాడ? లేదంటే సగం మంది వెనక్కి పోతున్నారు. వాళ్ళ నాలుకకి చాయో రుచి తెలుసు, చేసిన చేయి తెలియదు. బండి లైసెన్స్ అత్తమ్మ పేరు మీదే ఉంది. కేఫ్‌లో చేరాక అది కూడా కేఫ్ పేరుకి మార్పిద్దాం అందట నివేదిత. ఈయన చెప్పాడు, వాతావరణం చెప్పినట్టు.

నివేదితకి పీత ఒలవడం రాదు. కేఫ్‌లో ఒక వంటమనిషిని పెట్టింది, పేరు మునియన్, ఇదివరకు హోటల్లో నూడుల్స్ చేసేవాడట. అతణ్ణి నా దగ్గరికి పంపింది, చుట్టడం నేర్పమని. నేర్పాను. పొర ఎంత తడపాలో మాత్రం తప్పు చెప్పాను. నాకు సిగ్గు లేదు.

26 ఆగస్టు, మంగళవారం

మట్టి వినాయకుణ్ణి కొన్నాను. ఉండ్రాళ్ళకి బియ్యం నానబోశాను. రేపు సాయంత్రం జాడీలో ఊట వడకట్టి కేఫ్‌కి మోసుకురావాలట. అత్తమ్మ ఆర్డరు. పుండు మీద కారం అంటే ఇదే.

27 ఆగస్టు, బుధవారం. రాత్రి పది

వెళ్ళాను. ముందు నుంచే రాస్తాను.

పొద్దున అత్తమ్మ వినాయకుడికి పూజ చేసింది, గుంజీలు తీయబోతే మోకాలు పట్టేసింది. సాయంత్రం పట్టుచీర కట్టుకుని ఆటో ఎక్కింది. ఒళ్ళో నీలం అంచు పళ్ళెం, టవల్లో చుట్టి. నా ఒళ్ళో నూక్ మామ్ సీసాలు. దారంతా వీధి వీధికీ పందిట్లో గణపతి, మైకులో పాటలు.

కేఫ్‌లో అరవై మంది. సగం మంది ఫ్రెంచి మాట్లాడుతున్నారు. బా ఫొటోని గోడంత పెద్దది చేశారు. ఫొటోలో ఆమె అంత కోపంగా ఉందని నాకు ఇంతకాలం తెలియలేదు. నన్ను వెనక నిలబడమన్నారు. నివేదిత మైకు తీసుకుని బా బుట్ట గురించి, ఓడ గురించి, బియ్యప్పొరల గురించి చెప్పింది. బాగా చెప్పింది, అందులో నా పేరు లేదు.

అత్తమ్మ పళ్ళెంలో చాయోలు సర్ది బా ముందు పెట్టింది. కేఫ్ పద్ధతి ప్రకారం ఊదొత్తి ఆరిపోయాక ఆ పళ్ళెం ఎత్తి నివేదిత చేతికి ఇవ్వాలి. అత్తమ్మ ఊదొత్తుల కోసం చేయి చాపింది. నివేదిత ఇచ్చింది. అత్తమ్మ చూసుకుంది. అన్నీ సగానికి విరిచి ఉన్నాయి.

ఏంది ఇది, మిగతా సగం యాడ పోయింది అంది అత్తమ్మ. నివేదిత చెవి దగ్గర చెప్పింది గానీ మైకు చేతిలోనే ఉంది, అందరికీ వినపడింది. అమ్మా, నలభై నిమిషాలు ఆగితే చాయోలు మెత్తబడిపోతాయి, గెస్టులు వెయిట్ చేస్తున్నారు. అప్పటికే వెనక బల్లల దగ్గర కరకరమని చప్పుడు. మునియన్ ట్రేలు తిప్పడం మొదలుపెట్టేశాడు. పొరలు చిట్లి నూనె పీల్చినవి. అయినా తింటున్నారు, చాలా బాగుందంటున్నారు.

అత్తమ్మ లేచి నిలబడింది. మా అమ్మ ఇంకా కూసోనే లేదు, మీరంతా నమిలేస్తా ఉండారు అంది. తెలుగులోనే అంది. అక్కడ ఎంతమందికి అర్థమైందో తెలియదు, కొందరు చప్పట్లు కొట్టారు. పళ్ళెంలో చాయోలు అక్కడి బల్ల మీద బోర్లించి, ఖాళీ పళ్ళెం టవల్లో చుట్టుకుంది. నివేదిత చేతులు చాపుకునే ఉంది, ఫోనులో వీడియో కోసం.

ఆటోలో నాకు నవ్వు ఆగలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. నివేదిత ముఖం తలుచుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంది.

28 ఆగస్టు, గురువారం

పళ్ళెం నా చేతికి వచ్చింది.

పూలు లేవు, మైకు లేదు. పొద్దున నూనె పెడుతుంటే అత్తమ్మ వెనక నుంచి వచ్చి స్టవ్వు పక్కన పెట్టింది. తీసుకో అంది. సగంలో మా అమ్మని లేపేవాళ్ళకి ఇయ్యను, అది నేను కన్న కూతురైనా సరే అంది. లైసెన్స్ నీ పేరుకి మార్చేదానికి నీ మొగుడు శివరామన్‌ని నీతో పంపిస్తా అంది. ఇంక నిలబడలేదు.

అనుకున్నది దక్కింది. నూనె మాడిపోయిన వాసన వచ్చేదాకా అక్కడే ఉన్నాను.

31 ఆగస్టు, ఆదివారం

నివేదిత చెన్నై వెళ్ళిపోయింది. గుమ్మంలో నా వైపు చూసి, పొర ఎంత తడపాలో మునియన్‌కి నువ్వు తప్పు చెప్పావు కదా వదినా అంది. అవును అన్నాను. రెండు ట్రాలీలూ లాక్కుంటూ వెళ్ళింది.

4 సెప్టెంబర్, గురువారం

పళ్ళెం అలమరలో ఉంది. రోజూ తీసి తుడిచి మళ్ళీ పెడుతున్నాను. నివేదిత ఊదొత్తి విరిచింది నిజమే. నేను విరవలేదు. అది కాలుతుండగానే తిన్నాను.

ఈయనకి చెబుదామనుకున్నాను. ఐస్ మీద నీళ్ళు పోసినట్టే, ఏం లాభం.

9 సెప్టెంబర్, మంగళవారం

మోకాళ్ళకి నూనె రాస్తూ అత్తమ్మకి చెప్పేశాను. ఎన్ని తిన్నావు అంది. మూడు అన్నాను. ఏడు, అంది. రెండో కాలు చాపింది.