పక్క సీటు

కొవ్వూరు,
జూన్ 14

ప్రియమైన తమ్ముడు గంగాధర్‌కు,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటా అనుకోకు. యాక్సిడెంట్ అయినప్పటి నుంచి మీ బావకి శబ్దం పడడం లేదు. ఫోన్ మోగితే తల పట్టుకుని కూర్చుంటున్నారు. వాట్సాప్‌లో పెడదామంటే ఫోన్ ఎప్పుడూ శ్రీదుర్గ చేతిలోనే ఉంటుంది. తండ్రి గురించి నేను రాసేది పదేళ్ల పిల్ల చదవకూడదు.

జరిగింది నీకు తెలుసు. తునిలో వల నూలు కొనుక్కుని వస్తూ హైవే మీద ఆగి ఉంటే, మన కారుని వెనక నుంచి వ్యాను గుద్దింది. మా మరిది వెంకటరాజు నడుపుతున్నాడు, మీ బావ పక్క సీట్లో ఉన్నారు. ఇద్దరూ బెల్టు పెట్టుకున్నారు. ఒంటి మీద గీత పడలేదు. రాజమండ్రిలో స్కాన్ తీసి అంతా బాగుందన్నారు.

ఆరు వారాలైంది. వల అల్లడానికి కూర్చుంటే కన్నుల లెక్క తప్పుతున్నారు. కబుర్లు చెబుతూ, చూడకుండా అల్లే మనిషి. అన్నం తిని చెయ్యి కడుక్కుని, ఇంకా పెట్టవేంటని అడుగుతారు. మొన్న శ్రీదుర్గ గ్లాసు జారవిడిస్తే చెయ్యెత్తారు.

వెంకటరాజు వచ్చి, "అదే కారు, అదే దెబ్బ. నాకేం కాలేదు కదా వదినా" అన్నాడు. గోదావరికి వరద ఎర్రనీరు దిగి పులస చేప పడేలోపు అన్నయ్య పడవ ఎక్కకపోతే వేరే మనిషిని చూసుకుంటానన్నాడు. కొడుకు బద్ధకం నేర్చాడని అత్తగారి మాట. ఒక్కో రోజు నాకూ అలాగే అనిపిస్తోంది. నా భయమంతా అదే.

బొమ్మల్ని కూర్చోబెట్టి కార్లని గుద్దించే చోట కదా నీ ఉద్యోగం. తల దేనికీ తగలకుండా మనిషి ఇలా అవుతాడా? ఉన్నది ఉన్నట్టు రాయి.

నీ అక్క,
నాగదుర్గ

పుణె,
జూన్ 22

అక్కకు నమస్కారం.

అవుతాడు. బావ నటించడం లేదు.

మా బొమ్మ తలలో సెన్సర్లు ఉంటాయి. తలకి ఎంత దెబ్బ తగిలిందన్నదే కాదు, తల ఎంత వేగంగా తిరిగిందో కూడా అవి కొలుస్తాయి. వెనక నుంచి గుద్దితే సీటు వీపుని ముందుకు తోస్తుంది. తల మాత్రం ఉన్నచోటే ఆగుతుంది. దాంతో మెడ మీద వెనక్కి తిరిగిపోయి, మళ్లీ విసురుగా ముందుకొస్తుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది.

అమ్మ గిన్నెలో జున్ను చేసేది కదా. ఆ గిన్నెని గిర్రున తిప్పి చటుక్కున ఆపితే గిన్నెకి ఏమీ కాదు, లోపల జున్ను చిట్లుతుంది. మెదడూ అంత మెత్తనిదే. పుర్రె ఆగినా అది ఇంకా కదులుతుంది. లోపలి పోగులు సాగుతాయి, కొన్ని తెగుతాయి. అంత సన్నవి మామూలు స్కాన్‌లో కనపడవు. నేను డాక్టర్ని కాను, నాకు తెలిసింది బొమ్మలే. బావని నరాల డాక్టరుకి చూపించు.

ఒకటి మాత్రం తేలాలి. వెంకటరాజుకి ఏమీ కాలేదంటే ఆ రెండు సీట్లకీ ఏదో తేడా ఉంది. సీటు పైన తల ఆనే దిండు, హెడ్‌రెస్టు, తల వెనక్కి పోకుండా ఆపేది అదే. కారు రిపేరుకి ఇచ్చిన షెడ్డుకి వెళ్లి చూసి రాయి.

హారతి నిన్ను అడిగానని చెప్పమంది. పెళ్లై నాలుగు నెలలైనా ఇక్కడి చపాతీలు దానికి పడడం లేదు.

తమ్ముడు,
గంగాధర్

కొవ్వూరు,
జూలై 5

గంగాధర్‌కు అక్క దీవెనలు.

జున్ను సంగతి అత్తగారికి చదివి వినిపించాను. ఆ సాయంత్రం నుంచి గిన్నెలు చప్పుడు కాకుండా దించుతున్నారు.

కాకినాడ తీసుకెళ్లాం. డాక్టరు నువ్వు రాసిందే చెప్పాడు. నెలలు పడుతుందట, పూర్తిగా తగ్గుతుందో లేదో చెప్పలేనన్నాడు. ఏటి మీదకి వద్దన్నాడు. వెంకటరాజు కాగితం చూసి, డాక్టర్లు ఏదో ఒకటి రాస్తారని వెళ్లిపోయాడు.

మీ బావ ఒక మాట రోజూ అడుగుతున్నారు, నేను జవాబు చెబుతున్నాను. అదేంటో తర్వాత రాస్తాను. సీటు సంగతి వదిలెయ్.

అక్క

పుణె,
జూలై 16

అక్కా,

ఎలా వదిలెయ్యమంటావు? నువ్వు తప్పించుకోవడం చూస్తే నాకు అర్థమైంది. పక్క సీటుకి హెడ్‌రెస్టు లేదు. చేపల పెట్టెలు పట్టడానికి బావే పీకేసి ఉంటారు. ఇక్కడ మేం ఒక్క అంగుళం ఎత్తు కోసం రోజంతా కొలుస్తాం, అక్కడ దాన్ని అటక మీద పారేస్తారు. కోపంతోనే రాస్తున్నాను. ఆయన నిర్లక్ష్యానికి నువ్వూ పిల్లా అనుభవిస్తున్నారు. ఈ మాట ఆయనకి చదివి వినిపించినా సరే.

గంగాధర్

కొవ్వూరు,
జూలై 24

తమ్ముడికి,

చదివి వినిపించలేదు. చెప్పకూడదనుకున్నాను గానీ, ఆయన్ని ఆ మాట అన్నాక ఊరుకోలేను.

నీ పెళ్లయ్యాక పెద్దాపురం నుంచి ఇదే కారు నేనే నడుపుతానని నువ్వు పట్టుబట్టావు. హారతిని పక్కన కూర్చోబెట్టుకున్నావు. పూలజడ నలిగిపోతోందని అది వెనక్కి ఆనలేకపోయింది. నువ్వు పక్కనున్న బుడిపె నొక్కి దిండు పైకి లాగి వెనక్కి అందించావు. అందుకున్నది నేనే. దాన్ని అలా తీయొచ్చని మాకు అప్పుడే తెలిసింది. పెళ్లి సామాన్లతో పాటు ఇంట్లోకి చేరింది. మళ్లీ పెట్టాలని నీకూ తోచలేదు, మాకూ తోచలేదు.

నీ మొదటి ఉత్తరం నేను చదువుతుంటే మీ బావ మంచం మీద నుంచి విన్నారు. "అది గంగాధర్ తీసిందే. వాడికి చెప్పకు. తెలిస్తే ఆ ఉద్యోగం చెయ్యలేడు" అన్నారు. అన్నం తిన్నది మర్చిపోతారు, శ్రీదుర్గ ఏ క్లాసో మర్చిపోతారు. "వాడికి రాయలేదు కదా?" అని మాత్రం రోజూ అడుగుతారు. లేదని చెబుతున్నాను. నటించే మనిషి ఈ మాట అడగడు. నాకున్న అనుమానం అక్కడితో పోయింది.

నిన్న వెంకటరాజుని షెడ్డుకి తీసుకెళ్లాను. పక్క సీట్లో కూర్చుని తల వెనక్కి వాల్చాడు. ఆనడానికి ఏమీ లేదు. దిగాక అసలు సంగతి చెప్పాడు. ఆ రోజు తుని నుంచి మీ బావే నడిపారట. ఆయన నిద్ర వస్తోందంటే అన్నవరం దగ్గర స్టీరింగ్ తను తీసుకున్నాడట. తిరిగి వస్తుంటే, పడవలో అన్నయ్య చోటు ఎవరికీ ఇవ్వనన్నాడు.

దిండు మంచం కింద దొరికింది. కనకాంబరం రేకొకటి ఎండి అంటుకుని ఉంది. కారు వచ్చే వారం ఇంటికొస్తుంది. దాన్ని బిగించడం ఇక్కడ ఎవరికీ రాదు. నువ్వు వచ్చి పెట్టు. హారతికి ఈ సంగతి చెప్పకు.

స్టేషన్ నుంచి ఫోన్ చెయ్యకు. మధ్యాహ్నం ఆయన పడుకున్నాక బిగించు. లేచాక నిన్ను చూసి, అక్క ఏమైనా రాసిందా అని అడుగుతారు. ఏమీ రాయలేదని చెప్పు.

అక్క,
నాగదుర్గ