లూలూకు తాపిన ద్రాక్షరసం

సుగుణక్కకు, ప్రభువు నామంలో నీ తమ్ముడు దావీదు వందనాలు. నువ్వు, బావ, పిల్లలు సుఖంగా ఉన్నారా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? చాపాడులో వాన పడిందా? నేను బాగానే ఉన్నాను. కువైట్‌లో ఎండ బయట నిలబడనివ్వదు, ఇంట్లో ఏసీకి దుప్పటి కప్పుకుంటాం. నా గురించి దిగులు పడొద్దు.

ఫోన్ చేస్తే అమ్మ స్పీకరు పెడుతుంది. అందుకే రాస్తున్నా.

మేడమ్ కుక్క లూలూను చూసుకోవడం నా పని కదా. పొద్దున్నే క్యారెట్ జ్యూసు, అందులో విటమిన్ చుక్కలు, మధ్యాహ్నం ఒక మాత్ర. ఇక్కడ వంట చేసే షాహీనా అత్తది జమ్మలమడుగు. "దానికి జ్యూసు, మనకు చాయ్. అదే నయంరా అబ్బోడా" అని ఎగతాళి చేసేది. ఇంత పెద్ద ఇంట్లో నా తెలుగు వినేది అత్త, లూలూ ఇద్దరే.

పోయిన నెల మేడమ్ ఊళ్ళో లేనప్పుడు లూలూ జ్యూసు మానేసింది. విటమిన్ వాసనకే మూతి తిప్పుకునేది. నాకు అమ్మ గుర్తొచ్చింది. రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల ఆదివారానికి మందిరం కోసం అమ్మ ద్రాక్షరసం కాస్తుంది కదా. మిగిలింది జ్వరమొచ్చిన పిల్లలకు తాపుతుంది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడూ తాపింది. అలాగే ద్రాక్ష ఉడికించి, వడగట్టి, చుక్కలు కలిపి పెట్టాను. గిన్నె నాకేసింది. సంతోషం పట్టలేక మూడు రోజులు అదే తాపాను. నాలుగో రోజు వాంతులు. పడుకున్న చోటు నుంచి లేవలేకపోయింది.

మేడమ్ పరుగున వచ్చింది. కిడ్నీలు పోయాయన్నాడు డాక్టరు. కుక్కలకు విషం, ఉల్లిపాయ గానీ ద్రాక్ష గానీ పెట్టారా అని హిందీలో అడిగాడు. పెట్టకూడనివన్నీ మేడమ్ ముందే ఇంగ్లీషులో రాసి ఫ్రిజ్‌కు అంటించింది. చేరిన రోజు చదివావా అంటే తలూపాను. ఎనిమిదో తరగతితో బడి మానేశానని చెప్పడానికి సిగ్గేసింది. డాక్టరు అడిగినప్పుడూ నోరు లేవలేదు. మేడమ్ అత్త వైపు చూసింది, ఉల్లిపాయ కూర పెట్టి ఉంటుందని. ఆ సాయంత్రం లూలూ నా ఒళ్ళోనే పోయింది.

అత్త ఏడ్చి చెప్పినా నమ్మలేదు. ఎల్లుండి ఆమెను విమానం ఎక్కిస్తున్నారు. జమ్మలమడుగులో ఆమె కట్టుకుంటున్న ఇల్లు గోడల దగ్గరే ఆగి ఉంది.

ఇవాళ బట్టలు సర్దుకుంటూ నన్ను పిలిచింది.

"మీ అక్కకు ఏమన్నా రాసియ్యి. నేనే చాపాడుకు పొయ్యి చేతికిచ్చొస్తా."

"నువ్వు యాడ తిరుగుతావులే అత్తా."

"ఆ కుక్క పోయిన కాడ్నుంచి నువ్వు కూడు సరిగ్గా తినడంలే. ఆ మాట మీవాళ్ళకు చెప్పేటోళ్ళు ఎవరుండారు?"

ఆమె అలా అన్నాకే ఇది రాయడానికి కూర్చున్నా. ఆమె మోస్తున్న నింద నాదని రాసిన కాగితం, ఆమె సంచిలోనే ఎట్లా పెట్టేది?

అక్కా, ఇది ముగించి మేడమ్ దగ్గరికి పోతున్నా. ఇంటికి పంపితే పంపనీ. నా కోసం ప్రార్థన చెయ్యి. పని పోయిందని అమ్మకు చెప్పినా పరవాలేదు. ఏం తాపానో మాత్రం చెప్పొద్దు, ఆమె మళ్ళీ ద్రాక్ష ముట్టదు.

పాస్టరయ్యకు, పెద్దమ్మకు నా వందనాలు. పిల్లలకు ముద్దులు. నీ దీవెన నాకు ఉండాలి.

ఈ ఉత్తరం పోస్టులో వస్తే నేను చెప్పేశానని అర్థం. అత్త తెచ్చి ఇస్తే, నాకు ధైర్యం చాలలేదని అర్థం. ఆమెకు చదువు రాదక్కా. కూర్చోబెట్టి, మొదటి నుంచి చదివి వినిపించు.

నీ తమ్ముడు,
దావీదు