నాలుగు చిప్పులు, ఒకటే పాస్‌వర్డు

అమీర్‌పేట,
ఆదివారం

పద్మక్కకి,

నేను బాగానే ఉన్నాను, నిజంగా బాగానే ఉన్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారి దగ్గు ఎలా ఉంది? ఇక్కడ వానలు పట్టుకున్నాయి. మైత్రీవనం ముందు మోకాటి లోతు నీళ్లు. ఆ నీళ్లలోనే నిలబడి, కంప్యూటర్ కోచింగువాళ్లు జావా నేర్పుతామని కరపత్రాలు చేతిలో కుక్కుతున్నారు. నాకు ఉద్యోగం ఉంది బాబూ అన్నా వినరు. హాస్టల్ సాంబారులో ముక్క కనబడితే పండగే.

ఆ ఉద్యోగం సంగతి నీకు చెప్పకపోతే నా తల పగిలిపోతుంది. పంజాగుట్టలో మా ఆఫీసు, ఆస్పత్రి మంచాల పక్కన పెట్టే ఒక పెట్టె తయారుచేస్తోంది. లోపల నాలుగు చిప్పులు ఒకేసారి పనిచేస్తూ రోగి గుండెను కనిపెట్టుకుని ఉంటాయి. గుండె లయ తప్పితే వెంటనే గంట మోగాలి. రోగి వివరాలు బయటివాళ్ల కంటపడకుండా అన్నిటికీ కోడు తాళాలు వేశాం. వేసేసరికి చిప్పులన్నీ ఆ తాళాల పనిలోనే మునిగిపోయి, గంట మోగడం ఆలస్యమైపోయింది. "గా తాళాలన్ని తీసెయ్ చెల్లె, మస్తు స్పీడొస్తది" అంటాడు మా మేనేజరు యాదగిరి అన్న. తీసేస్తే రోగి గుట్టు ఊరంతా తెలుస్తుంది, ఉంచితే మనిషి పోయాక గంట మోగుతుంది. ఈ పెట్టెల కోసం ఒక ఆస్పత్రి ఇస్తానన్న ఆర్డరు రాకపోతే మా టీమునే ఎత్తేస్తారు, నేను మూటాముల్లె సర్దుకోవాలి.

చివరికి ఒక చిప్పును గంట మోగించే పనికే వదిలేసి, తాళాల చాకిరీ మిగతా మూడింటికీ అప్పజెప్పాను. గంట వెంటనే మోగింది! సంతోషంతో ఏడుపొచ్చింది అక్కా.

శుక్రవారం ఆ ఆస్పత్రి డాక్టరమ్మగారు చూడ్డానికొచ్చారు. గంట మోగింది, ఆవిడ తలాడించారు. ఇక రోగి వివరాలు చూపించమన్నారు. పెట్టె పాస్‌వర్డు అడిగింది. యాదగిరి అన్న అలవాటుగా వెనక్కి తిరిగి, "అరే, జర పాస్‌వర్డ్ చెప్పుర్రి!" అని కేకేశాడు. మా ఆఫీసులో అందరికీ ఒకటే పాస్‌వర్డు, గది అవతలి నుంచి అరుచుకోవడమే పద్ధతి. ముగ్గురు ఒక్క గొంతుతో అరిచారు. యాదగిరి అన్న ఇష్టదైవం పేరు, పక్కన ఒకటి రెండు మూడు.

డాక్టరమ్మగారు కళ్లజోడు తీసి, "మీ తాళం గట్టిదేనండీ, తాళంచెవే వీధిలో వేలాడుతోంది" అన్నారు. దయతలచి ఇంకొక్కసారి వస్తానన్నారు. నేను తలెత్తలేకపోయాను. ఆ పూట కోపంతో అన్నం సహించలేదు.

ఆవిడ మెట్లు దిగగానే యాదగిరి అన్న నన్ను ఓదార్చాడు: "ఫికర్ చెయ్యకు చెల్లె. ఈసారి మంచి గట్టి పాస్‌వర్డ్ పెట్టు. పెట్టినంక మాకందరికి చెప్పు."

కందిపొడి అయిపోయింది, ఎవరైనా వస్తుంటే పంపించు. అత్తయ్యగారికి, బావగారికి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. ఆర్డరు దక్కాలని మనసారా దీవించు. కొత్త పాస్‌వర్డు పెట్టేశాను. అడక్కు, నీక్కూడా చెప్పను.

నీ చెల్లెలు,
సుజాత