రెండు పొయ్యిలు

జూన్ 12, 2006
ఏలూరులో మా కాలవగట్టు ఖాళీ చేయాలట. మున్సిపల్ ఆఫీసులో బొమ్మ చూసి వచ్చాను. గట్టు పొడుగునా పార్కు, నడిచేవాళ్ళకి బాట, బెంచీలు. మా ఇళ్ళున్న చోట పచ్చరంగు. బాగుంది బొమ్మ, అందులో మేమే లేం. మాకు ఊరి బయట స్థలాలిస్తారట.

జూన్ 14
పొయ్యికో స్థలమట. కొట్టుకుని వేరుపడ్డ పక్కింటి అన్నదమ్ములకి రెండొస్తాయి. నా పెళ్ళైన దగ్గర్నుంచి ఒకే గిన్నెలో వండుకుంటున్న అత్తయ్యకీ మాకూ కలిపి ఒకటే. ఇదెక్కడి న్యాయం... ఆ జానెడు స్థలంలో అందరం ఎలా పడుకోవడం?

జూన్ 15
అత్తయ్య పెరట్లో మూడు ఇటుకలు పెట్టారు. రెండొస్తే పక్కపక్కనే ఇళ్ళు వేసుకుందాం, మధ్యలో గోడ కూడా వద్దన్నారు. మా ఆయన ఆటో తుడుస్తూ ఒకటే నవ్వు.

జూన్ 17
వాన. కొత్త పొయ్యి తడిసింది. అందరం లోపలే తిన్నాం.

జూన్ 19
సర్వే ఆయన వచ్చాడు. బజారులో చేపలమ్మి అప్పుడే వచ్చిన అత్తయ్య పమిటతో కళ్ళొత్తుకున్నారు. "కోడలు వేరే వండుకుంటదండీ. నాకు గంజినీళ్ళు కూడా పొయ్యదండి బాబూ." ఆయన నాకేసి చూసిన చూపు... నోరు విప్పొద్దని అత్తయ్య ముందే చెప్పారు. అబద్ధమని తెలిసీ బాధేసింది. అతను గుమ్మం దాటగానే నా కంచంలో పెద్ద చేపముక్క వేశారు.

జూన్ 25, ఆదివారం
పాస్టరుగారు ఇవాళే అబద్ధసాక్ష్యం మీద చెప్పాలా! అత్తయ్య తల ఎత్తితే ఒట్టు.

జూలై 8
రెండు వచ్చాయి! అత్తయ్యకొకటి, మాకొకటి. పెరట్లో ఇటుకలు తీసి గోడవారన పడేశారు.

జూలై 15
ఎవరికి ఎక్కడో చీటీలు తీశారు. మాది వట్లూరు అవతల. అత్తయ్యది ఊరికి ఆ చివర, చేపల చెరువుల వైపు. అటు బస్సు కూడా లేదు. ఎవరి స్థలంలో వాళ్ళు ఉండకపోతే వెనక్కి తీసేసుకుంటారట.
పక్కపక్కన ఇమ్మని బతిమాలాను. ఒకే ఇంటివాళ్ళం సార్, అన్నాను.
ఆఫీసరు కసురుకోలేదు. కాగితం చూసి నెమ్మదిగానే అన్నాడు, "కాదని మీరే కదమ్మా రాయించారు."

జూలై 16
అన్నం వండి పిలిచాను. అత్తయ్య రాలేదు. వెళ్ళి చూస్తే పెరట్లో ఇటుకలు మళ్ళీ పేర్చి ఉన్నాయి. పొయ్యి మీద చిన్న గిన్నె.
"ఒక్కదానికి ఎన్ని బియ్యం పొయ్యాలో చెయ్యి మర్చిపోయిందే. ఇప్పట్నుంచే అలవాటు చేసుకోవాలి గదా."
తిరిగొచ్చి కూర్చున్నాను. ఆవిడ కంచం నా కంచం పక్కనే పెట్టి ఉంది. తీయబుద్ధి కావట్లేదు.